మామ ఊపిరి మీద పందెం

ఈ రోజుల్లో ఇళ్ళు కట్టేవాళ్ళతో నాకొక పేచీ ఉంది. గోడల్ని కప్పుదాకా లేపేస్తున్నారు. సువా పట్నంలో మా అబ్బాయి ఇల్లు చూడండి. గదికీ గదికీ మధ్య కాంక్రీటు గోడ, అది చాలనట్టు పైన సీలింగు, అదీ చాలనట్టు తలుపు. పక్కగదిలో కోడలు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియదు. మనవడు చదువుతున్నాడో పడుకున్నాడో తెలియదు. ఈ మాటే మా అబ్బాయితో అంటే, "దీన్ని ప్రైవసీ అంటారమ్మా" అన్నాడు. తెలుసు. ఓడెక్కి మద్రాసు వెళ్ళి కాలేజీ చదువుతున్నప్పుడు ఆ మాటకి అర్థం కూడా రాశాను పరీక్షలో. పదహారు మందిమి ఒకే గదిలో పడుకుని చదివి రాశాం.

కిందటి వారం ఈ గోడలు నన్ను డాక్టరు దగ్గర ఇరికించాయి. పగలంతా కునికిపాట్లు పడుతున్నానని కోడలు తీసుకెళ్ళింది. కుర్ర డాక్టరు నా వీపు మీద చల్లటి గొట్టం పెట్టి ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు. చివరికి, "రాత్రి గురక పెడతారా?" అని అడిగాడు.

"నాకెలా తెలుస్తుంది నాయనా, నేను నిద్రలో ఉంటాను కదా" అన్నాను.

"మరి విన్నవాళ్ళెవరైనా?"

నేను కోడలి వంక, కోడలు నా వంక. ఆ గోడల మధ్య నేను గురక పెట్టినా, గొంతెత్తి పాడినా వినే దిక్కు లేదు. సరిగ్గా అప్పుడు నాకు మామ గుర్తొచ్చాడు. నవ్వాపుకోలేకపోయాను. డాక్టరు నా జబ్బుల జాబితాలో ఇంకోటి చేర్చుకున్నట్టే కనిపించాడు.

మామ గురక ఎప్పుడు ఆగేదో, ఆగితే ఎంతసేపు ఆగేదో మా లైన్లలో ప్రతి పిల్లకీ నోటికి వచ్చు. మాకు గోడలు కప్పుదాకా ఉండేవి కావు.

*

అవి గిర్మిట్ రోజులు. గిర్మిట్ అంటే చెరకు తోటల్లో కూలికని మా పెద్దవాళ్ళు వేలిముద్ర వేసి ఈ దీవులకి ఓడెక్కిన ఐదేళ్ళ ఒప్పందం. అందులో ఏం రాసి ఉందో వాళ్ళలో ఎవరికీ తెలియదు. ఐదేళ్ళన్నది మాత్రం బాగా గుర్తు.

ఎస్టేటు వాళ్ళు మాకు కట్టించిన పొడుగాటి చెక్క కొట్టాల్ని లైన్లు అనేవాళ్ళం. ఒక్కో గది ఎంతంటే, నాన్న కాళ్ళు చాపుకోవాలంటే అమ్మ ముడుచుకోవాలి. గదికీ గదికీ మధ్య చెక్క అడ్డు మనిషెత్తు వరకే. ఆ పైన కోళ్ళగూటికి కొట్టినట్టు ఇనపవల. గాలి ఆడటానికట. గాలి సంగతి నాకు గుర్తులేదు కానీ మిగతావన్నీ బ్రహ్మాండంగా ఆడేవి. మొదటి గదిలో ఎండుచేప కాలిస్తే ఎనిమిదో గదిలో పిల్లలు ఆకలని ఏడ్చేవాళ్ళు. మూడో గదిలో మొగుడూ పెళ్ళాల తగువుకి ఆరో గదిలో నుంచి తీర్పు వచ్చేది. మిల్లు నడిచే నెలల్లో బెల్లప్పాకం మాడిన వాసన అన్నిటి మీదా కప్పుకుని పడుకునేది.

మా పక్కగది మామది. ఆయన మాకు మామ కావడానికి కారణం, మద్రాసులో ఓడెక్కినప్పుడు నాన్న పక్కన చోటు దొరకడం. ఓడలో పక్కన కూర్చున్నవాళ్ళు దిగేసరికి చుట్టాలైపోయేవాళ్ళు. ఈయన మా అమ్మని "చెల్లెమ్మా" అని పిలిచాడు, దాంతో నాకు మామ దొరికాడు. ఆయన భార్య అత్త. మూడేళ్ళదాన్ని ఓడెక్కి, దిగేసరికి ఇంత బలగం సంపాదించుకున్నాను.

మామ మనిషి పెద్ద. మెడ ఎక్కడ అయిపోయి భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. చెరకు మోపు ఇద్దరెత్తేది ఒక్కడే ఎత్తేవాడు. పిల్లలకి రేషను చక్కెర దొంగతనంగా పెట్టేవాడు. అన్నీ బాగున్నాయి, ఒక్కటే లోపం. ఎక్కడపడితే అక్కడ నిద్రపోయేవాడు. అన్నం తింటూ, మాట్లాడుతూ, ఒకసారి పెళ్ళిలో పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుక్కి గొడుగు పట్టుకుని. గొడుగు పెళ్ళికొడుకు తలమీద దిగేదాకా ఎవరికీ తెలియలేదు.

*

ఆదివారం పనికి సెలవు. పప్పూ గోంగూరా కలిపి తిని, మధ్యాహ్నం మామ చాప మీద వెల్లకిలా పడుకునేవాడు. అత్త బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఏటికి వెళ్ళేది. అప్పుడు మొదలయ్యేది మా పండగ.

మొదట చిన్నగా, చెక్కపెట్టె ఈడ్చినట్టు. తర్వాత మిల్లులో రోలర్లు తిరిగినట్టు. ఇనపవల ఝుమ్మనేది. మెల్లిగా అది ఎక్కీ ఎక్కీ, ఎక్కీ ఎక్కీ, ఉన్నట్టుండి టక్కున ఆగిపోయేది. చప్పుడు లేదు. ఊపిరి లేదు. లైన్ల మొత్తంలో కోడి గీరుకునే చప్పుడొక్కటే వినిపించేది. మేం ఏడెనిమిదిమంది పిల్లలం మా గదిలో చెక్క అడ్డుకి చెవులానించి, ఊపిరి బిగబట్టి ఉండేవాళ్ళం. అంతలో "హ్హఖ్ఖ్!" అని మామ నీళ్ళలోంచి పైకి తేలినట్టు ఊపిరి లాగేవాడు. మేం కేకలు.

ఎన్ని అంకెల దగ్గర ఊపిరి తిరిగొస్తుందో దాని మీద పందెం. పందెం సొమ్ము గచ్చకాయలు. ఏరు సముద్రంలో కలిసే చోట ఇసకలో దొరికేవి, బూడిదరంగులో, గుండ్రంగా, రాయిలా. అంకెలు లెక్కపెట్టడానికి గడియారం ఎవరికుంది? మా గదిలో తమ్ముడి చీర ఉయ్యాల ఉంది. ఉయ్యాల ఒక్కసారి ఊగి కీచుమంటే ఒకటి. ఎవరు గెలిచారో, ఎంత దగ్గర గెలిచారో బొగ్గుముక్కతో చెక్క మీద గీతలు గీసేదాన్ని. నా లెక్కల చదువు అక్కడే మొదలైంది. తర్వాత కాలేజీలో లెక్కల పంతులు నేను తీసివేతల్లో కాస్త తొందరపడతానని అన్నాడు. ఆయన మామ గురక వినలేదు.

ఉయ్యాల తాడు నా చేతిలో ఉండేదని చెప్పానా? చెప్పలేదనుకుంటాను. తమ్ముడు మా తమ్ముడు కాబట్టి ఊపే హక్కు నాది. నేను పదిహేను పందెం కాస్తే ఉయ్యాల బరువుగా ఊగేది. ఇరవై అయిదు కాస్తే వాడికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చేది.

"బేమానీ!" అని చివరి గది పిల్లాడు అరిచేవాడు. వాళ్ళు హిందీ వాళ్ళు, మోసమని దానర్థం. "బిడ్డని చంపేస్తావే, అలా ఊపితే!"

"ఏడవకుండా ఊపుతున్నాను."

"నువ్వు ఊపకముందు వాడు ఏడవట్లేదు. ఇప్పుడు ఏడుస్తున్నాడు!"

ఇది నిజమే. నా దగ్గర నలభై ఒక్క గచ్చకాయలు పోగయ్యాయి.

*

మామ పొలంలో నిద్రపోవడం మాత్రం పందేలకి పనికొచ్చే సంగతి కాదు. ప్రతి మనిషికీ రోజుకి ఇన్ని సాళ్ళు తవ్వాలని టాస్కు ఇచ్చేవాళ్ళు. మామ పొద్దున్న ఎడ్లజతలా మొదలుపెట్టేవాడు. ఎండెక్కేసరికి పార కర్ర మీద గడ్డం ఆనించి, నిలబడే, కళ్ళు మూసేవాడు. కూలీల మీద మేస్త్రీ, సర్దార్, చూసి అరిచేవాడు, మామ తవ్వేవాడు, మళ్ళీ మూసేవాడు. మూడోసారి పట్టుబడ్డప్పుడు సర్దార్ కులంబరని వెంటబెట్టుకొచ్చాడు. కులంబరంటే పొలం మీద తెల్లదొర. గుర్రం మామ ముందు ఆగి సకిలించినా మామ కళ్ళు తెరవలేదట. కులంబర పుస్తకంలో రాసుకున్నాడు. సోమరితనం. ఇక కోర్టు, కోర్టు తర్వాత జైలు.

జైలుని ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కారు, అక్కడ తిండి కాస్త నయమనేవాళ్ళు కూడా ఉన్నారు. చిక్కల్లా జైలు రోజులు గిర్మిట్‌కి కలవడమే. నాన్నదీ మామదీ ఒకే ఓడ కాబట్టి ఇద్దరి గిర్మిట్ ఒకే రోజున, ఇంకో మూడు నెలల్లో తీరాలి. ఆ రోజు వునిమోలి వైపు వెళ్ళి చెరో పక్కనా భూమి కౌలుకి తీసుకోవాలని ఐదేళ్ళుగా అనుకుంటున్నారు. అత్త అప్పటికే అక్కడ కట్టబోయే వంటింట్లో పొయ్యి ఏ దిక్కుకుండాలో అమ్మతో నాలుగుసార్లు పోట్లాడింది.

ఆ సాయంత్రం నీళ్ళకొళాయి దగ్గర సభ జరిగింది. అధ్యక్షురాలు పెద్దమ్మ. ఆవిడ మంత్రసాని. లైన్లలో పుట్టిన ప్రతివాడి బొడ్డూ ఆవిడే కోసింది, అందుకని ఎవరి మీదైనా ఆవిడకి అధికారం.

"సోమరిపోతుకి జైలు. జబ్బోడికి ఆసుపత్రి" అంది పెద్దమ్మ. "ఇందులో ఆలోచించడానికేటుంది? ఈడికి జబ్బు తెప్పించాల."

"నాకేం జబ్బు లేదే పెద్దమ్మా" అన్నాడు మామ, ఆవులిస్తూ.

"అదే కదరా నీ జబ్బు. దగ్గు."

మామ దగ్గాడు.

"ఏటిరా అది? మేక తుమ్మినట్టుంది. ఊపిరితిత్తుల నుంచి రావాల. పొట్ట పట్టుకో. వంగు. ఆఁ, ఇప్పుడు దగ్గు!"

వారం రోజులు లైన్లలో దగ్గు పాఠాలు నడిచాయి. పొడి దగ్గు, కఫం దగ్గు, దగ్గి దగ్గి గోడ పట్టుకునే దగ్గు, మాట మధ్యలో వచ్చి మాటని మింగేసే దగ్గు. పిల్లలం కూడా నేర్చుకున్నాం, మమ్మల్నెవరూ అడక్కపోయినా. పెద్దమ్మకి మూడో రకం నచ్చింది. చివర్లో ఎవరో అతి తెలివైనవాళ్ళు, ఎవరో మాకు ఇప్పటికీ తెలియదని అమ్మ చివరిదాకా అనేది, మందారపువ్వు నలిపి మామ తువ్వాలులో పెట్టారు.

దొర డాక్టరు నెలకోసారి గుర్రబ్బండిలో వచ్చేవాడు. మామ ఆయన ముందు నిలబడి మూడో రకం దగ్గు దగ్గాడు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, నాలుగో రకం కూడా. తువ్వాలు తీశాడు. డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. గొట్టం పెట్టి చూడలేదు. దూరం నుంచే రాసేశాడు.

పెద్దమ్మ గెలిచిన మొహంతో అందరి వంకా చూసింది. దుబాసీ కాగితం చదివాక ఆ మొహం అలాగే ఉండిపోయింది, దించడం మర్చిపోయినట్టు.

క్షయ. అంటుకునే రోగం. ఈ రోజు నుంచి ఆసుపత్రి వెనక వేరే పాకలో ఉంచాలి. పనికి పనికిరాడు కాబట్టి వచ్చే ఓడలో తిప్పి పంపించెయ్యాలి.

"ఇద్దరినా?" అంది అత్త.

దుబాసీ మళ్ళీ కాగితం చూశాడు. "నీ గిర్మిట్ నీది కదమ్మా. నువ్వు ఉండి తీర్చుకోవాలి, ఆ తర్వాత వెళ్ళాలంటే ఓడ ఖర్చు నీదే. ఆయన ఒక్కడే."

లైన్లలో అన్ని గదులకీ ఆ మాట వినపడింది. ఆ రోజు ఎవరూ ఏ గది నుంచీ తీర్పు ఇవ్వలేదు.

*

దొర రాని రోజుల్లో ఆసుపత్రి చూసుకునేది ఈ దేశపు మనిషే, వునివై. వాళ్ళ భాషలో వైద్యుడని. సువాలో వైద్యం చదువుకున్నాడు. మోకాళ్ళు దాటిన సులు అనే తెల్ల లుంగీ, మెడదాకా బొత్తాల కోటు, ఒళ్ళంతా కార్బాలిక్ సబ్బు వాసన. మామకి ఏమాత్రం తీసిపోని మనిషి. మా లైన్ల హిందీ మాకంటే చక్కగా మాట్లాడేవాడు. ఆయనకి తొందరనేది తెలియదు. ఓడ ఇంకో ఆరు వారాలకని తెలిశాక మా అమ్మకి ఆయన నెమ్మది చూస్తే ఒళ్ళు మండేది.

మర్నాడు అమ్మ, అత్త, పెద్దమ్మ, వాళ్ళ వెనక నేను, మామకి అన్నం తీసుకెళ్ళాం. పాక బయట నిలబడమన్నారు. లోపల వునివై మామ ఛాతీ మీద ఒక వేలు పెట్టి ఇంకో వేలితో కొడుతున్నాడు, పనసకాయ పండిందో లేదో చూసినట్టు. వీపు మీద చెవి ఆనించాడు. చాలాసేపు.

"దగ్గు" అన్నాడు.

మామ మూడో రకం దగ్గాడు.

"మళ్ళీ."

అచ్చు అదే.

"ఎవరు నేర్పారు?"

పెద్దమ్మ పాక కప్పులో తాటాకు ఎలా కట్టారో పరీక్షగా చూడసాగింది. అది తాటాకు కూడా కాదు.

"ఊపిరితిత్తులు ఎద్దువి" అన్నాడు వునివై. "దగ్గు నాటకంలోది. ఆ తువ్వాల్లో రక్తం మా ఇంటి ముందు చెట్టుకి పూస్తుంది. ఇదంతా నేను దొరకి చెప్పగలను. చెబితే ఈయన రోగి కాదు, సోమరి. కోర్టుకి వెళ్తాడు, అబద్ధం ఆడినందుకు ఇంకొన్ని రోజులు ఎక్కువ. చెప్పకపోతే ఓడ. మీకేది కావాలి?"

వునివై మామ వైపు తిరిగాడు.

"నువ్వు పొలంలో ఎందుకు నిద్రపోతావు?" అని మామని అడిగాడు.

"అది తెలిస్తే నిద్రపోను కదయ్యా" అన్నాడు మామ దిగులుగా. "రాత్రీ బానే పడుకుంటాను. అందరికంటే ముందు పడుకుంటాను. లేచేసరికి ఒళ్ళు రాత్రంతా చెరకు కొట్టినట్టుంటుంది."

"ఈయన పడుకోడు. ఊపిరి ఆపుతాడు" అన్నాను నేను.

అమ్మ నా చెయ్యి గిల్లింది. ఆ గిల్లుడు నాకు ఇప్పటికీ గుర్తు, కానీ ఆలస్యంగా వచ్చింది.

"ఏమంది?" అన్నాడు వునివై.

"చిన్నపిల్ల అయ్యా. ఏదో వాగుతుంది."

"ఎంతసేపు ఆపుతాడు?" ఆయన నన్నే అడిగాడు, పెద్దవాళ్ళని అడిగినట్టు.

"ఒక్కోసారి పద్నాలుగు. ఒక్కోసారి ఇరవై మూడు. పోయిన ఆదివారం ఇరవై ఎనిమిది వచ్చింది, చివరి గదివాడు ఒప్పుకోలేదు."

*

వునివై మా గదికి వచ్చాడు. ఆయన వస్తే గదిలో ఇంక ఎవరికీ చోటు లేదు, అందుకని లైన్లవాళ్ళందరూ బయట నిలబడ్డారు. చెక్క మీద నా బొగ్గు గీతలు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. నెలల తరబడి ఆదివారాలు. ఆయన ఒక్కో గీత మీదా వేలు పెట్టి చదివాడు. నా చేతిరాతని అంత శ్రద్ధగా తర్వాత ఏ పంతులూ చదవలేదు.

"ఇరవై మూడంటే ఏమిటి?"

"ఉయ్యాల ఇరవై మూడు ఊగులు."

జేబులోంచి గడియారం తీశాడు. "ఊపు."

నేను తాడు పట్టుకుని కాస్త ఆలోచించాను. "మామూలు ఊపా, ఆదివారం ఊపా?"

బయట చివరి గది పిల్లాడు, "చెప్పానా! చెప్పానా!" అని ఎగిరాడు. వాడి జీవితంలో అంతటి న్యాయం మళ్ళీ జరిగి ఉండదు. వునివై మాత్రం నవ్వలేదు. "రెండూ ఊపు" అన్నాడు. రెండూ చూసి, నా గీతల్లో సగం కొట్టేసి, మిగిలిన సగమే చాలునన్నట్టు గడియారం మూసి లేచాడు.

ఇక జరిగినది నేను చూసిన అన్ని వేడుకల్లోకీ గొప్పది. ఇప్పటిదాకా రాణీగారి ఊరేగింపు కూడా చూశాను, పోలిక లేదు.

ఆసుపత్రి వరండాలో మంచం వేశారు. మిట్టమధ్యాహ్నం. కిటికీల నిండా మేం, మెట్ల నిండా పెద్దవాళ్ళు, పనిలోకి రానివాళ్ళని వెతుక్కుంటూ వచ్చిన సర్దార్ కూడా. "పడుకో" అన్నాడు వునివై. ఇంతమంది చూస్తుంటే నిద్రెలా వస్తుందయ్యా అని మామ అడగబోయాడు. 'ఇంతమంది' దాకా వచ్చింది.

గురక ఎక్కింది. ఎక్కి, ఎక్కి, టక్కున ఆగింది. మా పిల్లల చేతులు వాటంతటవే గచ్చకాయల మూటల్లోకి వెళ్ళాయి. "పద్దెనిమిది" అని ఎవడో గుసగుసలాడాడు. "ఇరవై రెండు" అన్నాను నేను. వునివై గడియారం చూస్తూ ఒక చెయ్యి మామ ఛాతీ మీద వేశాడు. పది. పదిహేను. మామ పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ముక్కు దగ్గర పెట్టిన దూది పోచ కదలట్లేదు. ఇరవై. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. ఇరవై అయిదు. మామ పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి. సర్దార్ చేతిలో కర్ర జారి కింద పడింది. "హ్హఖ్ఖ్!"

"చూశారా?" అన్నాడు వునివై. ఆ నెమ్మది మనిషి కళ్ళు మెరుస్తున్నాయి. "తిత్తులు లాగుతున్నాయి. గొంతు దగ్గర తలుపు మూసుకుంటోంది. ఊపిరి కోసం రాత్రంతా ఈయన కుస్తీ పడుతున్నాడు. ఈయన సోమరి కాదు. ఇక్కడున్న వాళ్ళందరిలోకీ రెండు టాస్కులు చేస్తున్నది ఈయనొక్కడే, పగలొకటి, నిద్రలో ఒకటి."

"దీన్నేమంటారయ్యా?" అంది పెద్దమ్మ.

"నా పుస్తకాల్లో దీనికి పేరు లేదు. మా నాన్నకీ ఈ జబ్బే ఉండేది." అని రెండు చేతులూ మామ కిందికి పోనిచ్చి, దుంగని దొర్లించినట్టు పక్కకి తిప్పాడు.

గురక ఆగిపోయింది. మేం లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ముప్పై దాకా వెళ్ళాక చూస్తే మామ ఊపిరి తీస్తూనే ఉన్నాడు, మెత్తగా, పసిపిల్లాడిలా. అలాగే పావుగంట. ఇంక పందెం కాయడానికి ఏమీ లేదు. పిల్లలు ఒక్కొక్కరే విసుక్కుంటూ కిటికీ దిగిపోయారు. అత్త మాత్రం మెట్టు మీదే కూర్చుని ఆ ఊపిరి వింటూ ఉంది.

*

జబ్బు తెలిసింది, మందేమిటి? రాత్రంతా పక్కకి తిప్పి పట్టుకోవడానికి మనిషి కావాలి. అత్త చెరకు కొట్టి వచ్చి చాప మీద వాలిందంటే పిడుగు పడ్డా లేవదు. ఇన్నేళ్ళూ ఆ గురక ఆవిడ వినకపోవడానికి అదే కారణం.

"వెల్లకిలా పడుకుంటే గుచ్చుకునేదేదైనా వీపుకి కట్టండి" అన్నాడు వునివై. "గట్టిగా ఉండాలి. గుండ్రంగా ఉండాలి, చర్మం తెగకూడదు."

అందరూ ఆలోచించారు. చివరి గది పిల్లాడు ఆలోచించలేదు. నా మూట వంక వేలు చూపించాడు.

నలభై ఒక్క గచ్చకాయలు. అత్త బియ్యపు సంచి గుడ్డతో మామ బనీను వెనక పొడుగాటి సంచీ కుట్టి అన్నీ అందులో పోసింది. వైద్యశాస్త్రానికి నా విరాళం అదొక్కటే, అదీ నన్నడిగి తీసుకున్నది కాదు.

వునివై తన పూచీ మీద మామని పాకలోంచి గదికి పంపించాడు. మొదటి రాత్రి మామ పదిసార్లు మూలిగాడని అమ్మ చెప్పింది. రెండో రాత్రి నాలుగుసార్లు. వారానికి లైన్లలో అందరూ పొద్దున్నే ఎర్రకళ్ళతో లేచారు. ఐదేళ్ళుగా ఆ రోలర్ల చప్పుడుకి అలవాటుపడ్డ జనం, అది లేకపోయేసరికి ఎవరికీ నిద్ర పట్టలేదు. మామ ఒక్కడే తాజాగా ఉన్నాడు.

పొలానికి కూడా వునివై తన పూచీ మీదే మామని పంపించాడు. దొర వచ్చేదాకా గడువు, అప్పటిదాకా ఒక్క టాస్కు తప్పినా ఓడే. సర్దార్ ఊరుకుంటాడా, మామ వెనకే తిరిగాడు, కళ్ళు మూస్తే పట్టుకుందామని. మామ సాలు తర్వాత సాలు తవ్వుకుపోయాడు. పొద్దు తిరక్కముందే టాస్కు ముగించి పార భుజాన వేసుకుని పాట పాడుకుంటూ వచ్చేశాడు. చెరకు నీడలో సర్దార్ గుర్రుపెడుతున్నాడని మాతో చెప్పి, "వెల్లకిలా" అని కూడా చేర్చాడు. అలా నెలంతా.

దొర డాక్టరు వచ్చాడు. ఈసారి గొట్టం పెట్టి చూశాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి చెవుల్లోంచి గొట్టం తీసి దులిపి మళ్ళీ పెట్టి. వునివై తను చూసినదంతా చెప్పాడు: గొంతు, తలుపు, గడియారం, దూది పోచ. దొర మర్యాదగా విన్నాడు. విని, క్షయ ఇంత త్వరగా తగ్గడం తను చూడలేదని, ఇది ఖచ్చితంగా తను ఇచ్చిన గోధుమరంగు మందు మహిమేనని తేల్చాడు. ఆ మందు మామ రోజూ మూడుపూటలా గోంగూర మొక్కలకి పోసేవాడు. ఆ ఏడు గోంగూర ఏపుగా వచ్చిందన్నది నిజం.

"రోగం నయమైంది, పనికి తగును" అని దొర రాశాడు. పొలంలో నిద్రపోయిన రోజుల్లో రోగి కాబట్టి కులంబర రాసుకున్నది కోర్టుదాకా వెళ్ళలేదు. పెద్దమ్మ వైద్యమే మామని కాపాడిందని పెద్దమ్మ పోయేదాకా చెప్పుకుంది. కాగితం ప్రకారం చూస్తే ఆవిడ మాట కాదనలేం.

వునివై మాత్రం దొర వెళ్ళాక వాళ్ళు తాగే యంగోనా వేరు రసం చిప్ప పట్టుకుని మా మెట్ల మీద కూర్చుని, నా చేత ఆ బొగ్గు గీతలన్నీ ఒక కాగితం మీద ఎత్తి రాయించుకున్నాడు. దేనికని అడిగితే, "పేరు లేని జబ్బుకి లెక్కైనా ఉండనీ" అన్నాడు. ఆ కాగితం ఏమైందో నాకు తెలియదు. నాకు చదువు మీద ఆశ పుట్టింది ఆ పూటేనని మాత్రం తెలుసు.

*

ఆ లైన్లు ఇప్పుడు లేవు. ఒకసారి మా ఎస్టేటు ఉండిన లంబాసా వెళ్ళినప్పుడు వెతుక్కుంటూ పోయాను. కొళాయి ఉన్న చోట చెరకు, ఆసుపత్రి ఉన్న చోట చెరకు. మామకి వునిమోలిలో మనవలు పుట్టారు, డెబ్బై దాటాక పోయాడు, బనీనుకి వెనక సంచీతోనే. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ ఏడాదంతా నాకు ఒక పెద్ద జాతరలా కనిపిస్తుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ గుండె గబగబా కొట్టుకుంటుంది. కుర్ర డాక్టరుకి ఇది కూడా చెబితే రాసుకునేవాడేమో.

గిర్మిట్ తీరిన రోజు సాయంత్రం అందరం మా మెట్ల దగ్గర కలిసి తిన్నాం. గోంగూర పులుసు, వేయించిన చేప, రేషను చక్కెర మిగిలినదంతా పోసి వండిన పరమాన్నం. మర్నాడు వునిమోలికి ప్రయాణం. మూటలు కట్టేశాం. నాన్నా మామా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని పాడుతున్నారు. నేను ఒక మూట మీదెక్కి నిలబడి, నా పందేలే లేకపోతే మామ ఓడెక్కేవాడని, లెక్కలు రాసింది నేనని, గచ్చకాయలు నావని, వినేవాళ్ళకీ విననివాళ్ళకీ చెబుతున్నాను. చివరి గది పిల్లాడు కూడా ఆ రోజుకి ఒప్పుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అత్త గరిటెతో నా ఆకులో పరమాన్నం వేస్తోంది. వేసి, గరిటె అలాగే పట్టుకుని నన్ను చూసింది.

"అది సరేనే. ఏదో ఒక ఆదివారం ఆ ఊపిరి మళ్ళీ రాలేదనుకో. పందెం ఎవరు గెలిచేవాళ్ళు?"